ఇంగ్లీషులో బాతులు

నేను రామచంద్రపురం దగ్గర ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. బదిలీ మీద అక్కడికి వచ్చిన మొదటి ఏడాది నాకు తొమ్మిదో తరగతి ఇచ్చారు. పిల్లలు మంచివాళ్లు. నేను గుమ్మంలో కనపడగానే లేచి నిలబడి, రాగం తీస్తూ గుడ్ మార్నింగ్ చెప్పేవాళ్లు. కూర్చోమంటే కూర్చునేవాళ్లు. ఆ తర్వాత గంట కొట్టేదాకా వాళ్ల నోటి నుంచి ఒక్క ఇంగ్లీషు మాట వచ్చేది కాదు. ప్రశ్న అడిగితే తలలన్నీ ఒక్కసారిగా పుస్తకాల్లోకి వంగిపోయేవి. ఎవరినైనా పేరు పెట్టి లేపితే, నిలబడి, చేతులు కట్టుకుని "రాదండి" అనేవాళ్లు. అంత మర్యాదగా రాదన్న పిల్లల్ని ఇంకేమంటాం.

నేను చెప్పే తీరూ అందుకు తగ్గట్టే ఉండేది. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, తెలుగులో దాని అర్థం చెప్పడం, మళ్లీ ఇంకో వాక్యం. నేనూ తెలుగు మీడియంలో చదువుకున్నదాన్నే. మా నాన్న పెద్దాపురంలో రైసుమిల్లు గుమస్తా. ఇంగ్లీషు ఎమ్మే చేశాను, గ్రామర్ ఎక్కడ అడిగినా తడుముకోకుండా చెప్తాను. కానీ రైల్లో పక్క సీటాయన ఇంగ్లీషులో పలకరిస్తే నాకు అరచేతులు చెమట పట్టేవి. తెలిసిన మాటలన్నీ ఎక్కడికో వెళ్లిపోయేవి. ఇంగ్లీషు టీచర్ని అయ్యుండి ఆ మాట ఎవరితో చెప్పుకుంటాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. అందుకే క్లాసులో ఆ నిశ్శబ్దం ఒకవైపు బాధ పెడుతున్నా, ఇంకోవైపు నాకు కాస్త సుఖంగానే ఉండేది.

చుట్టుపక్కల బడుల టీచర్లంతా అప్పుడప్పుడూ ఒకచోట కలుస్తాం. దాన్ని కాంప్లెక్స్ మీటింగ్ అంటాం. ఎవరో ఒకరు పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాలి, మిగతావాళ్లు వెనక కుర్చీల్లో కూర్చుని చూసి, అయ్యాక బాగోగులు చెప్పాలి. ఆ శీతాకాలం మీటింగు మా బడిలోనే పెట్టారు. పాఠం చెప్పే వంతు నాది.

మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక చిన్న పద్యం తీసుకున్నాను. వాన మీద పద్యం. చదివాను, అర్థం చెప్పాను, బోర్డు మీద రాశాను, ప్రశ్నలు వేశాను. పిల్లలు ఎప్పటిలాగే తలలు వంచుకున్నారు. వెనక కూర్చున్న టీచర్ల కుర్చీలు కిర్రుమంటుంటే నా గొంతు అంతకంతకూ సన్నబడింది.

పాఠం అయ్యాక పిల్లల్ని బయటికి పంపి మాట్లాడటం మొదలుపెట్టారు. ఒకాయన బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా ఉన్నాయన్నారు. ఇంకొకావిడ టైము సరిపోలేదన్నారు. ఇంకొకాయన యాక్టివిటీ లేదన్నారు. నేను అన్నిటికీ తలూపుతూ, గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్నాను. ఆఖర్న ఒక పెద్దావిడ లేచారు. యానాం వెళ్లే దారిలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. నేత చీర, భుజాన పెద్ద జిప్పు సంచీ. అంతకుముందు ఆవిణ్ణి నేను చూడలేదు.

"మీరు పద్యం చదువుతుంటే కిటికీ పక్క చివరి బెంచీలో పిల్ల మీతోపాటు పెదాలు కదిపిందమ్మా," అన్నారు. "గొంతు రాలేదు గానీ ఒక్క మాట కూడా వదల్లేదు. మీరు బోర్డు వైపు తిరిగాక కూడా ఆపలేదు. అర్థం ఒక్కటే చెప్పే పాఠానికి అలా పెదాలు కదలవు. మీరు చదివే తీరు బాగుంది. ఆవిడకి మాట్లాడాలనుంది. కాస్త చోటు చూడండి."

అంతే చెప్పి కూర్చున్నారు. చివరి బెంచీ పిల్లని ఆ పెద్ద మేడం 'ఆవిడ' అనడం విని కొందరు నవ్వారు. నాకు మాత్రం ముఖం వేడెక్కింది. ఆ పిల్ల బాతులు మేపుకునే వాళ్లమ్మాయి. కోతలయ్యాక పొలాల్లో బాతుల మంద వెంట తిరిగే కుటుంబం. బడికి తరచూ ఆలస్యంగా వస్తుంది, కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుంది. నేను నిద్రమొహం పిల్ల అనుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పాఠంలో ఏం బాగుందో నాకు చెప్పిన మనిషి ఆవిడే మొదలు. అది కూడా పిల్ల ముఖంలో చూసి చెప్పారు.

భోజనాల దగ్గర ఆవిడ పక్కన కూర్చున్నాను. మా బడికి ఒకసారి రండి, నా క్లాసులో గొడవ చూద్దురుగాని, అన్నారు. మరుసటి వారమే సెలవు పెట్టి బస్సెక్కాను.

ఆవిడ క్లాసు దూరం నుంచే వినపడింది. గుమ్మంలో నిలబడి చూస్తే, పిల్లలు నలుగురైదుగురు చొప్పున నేల మీద గుంపులుగా కూర్చున్నారు. ఒక గుంపు ముందు ఖాళీ మందుల పెట్టెలు, టూత్‌పేస్టు అట్టలు, విత్తనాల ప్యాకెట్లు. వాటి మీద ఇంగ్లీషు చదివి, ఆ సరుకు ఎందుకు కొనాలో ఒకళ్లు చెప్తుంటే మిగతావాళ్లు బేరమాడుతున్నారు. ఇంకో గుంపులో పెళ్లి శుభలేఖలు. పెళ్లి ఎక్కడ, ముహూర్తం ఎప్పుడు, మనం ఏ బస్సులో వెళ్లాలి, ఏం చీర కట్టుకోవాలి, అన్నీ మాట్లాడుకుంటున్నారు. వచ్చిన మాట ఇంగ్లీషులో, రాని మాట తెలుగులో. పాత మేజోళ్లకి బొత్తాలు కుట్టి చేసిన బొమ్మలు చేతికి తొడుక్కుని ఇద్దరు అబ్బాయిలు అత్తా కోడళ్లలా పోట్లాడుకుంటున్నారు. అన్నిటికన్నా ఎక్కువ గోల ఒక మైకు దగ్గరుంది. నిజం మైకే. వైరు లేదు. ఆవిడ వెళ్లే చర్చిలో కొత్తది కొన్నప్పుడు పాతది పారేస్తుంటే పాస్టరు గారిని అడిగి తెచ్చుకున్నారట.

పనిచెయ్యని మైకుతో ఏం చేస్తారండీ అని అడిగాను.

"పనిచెయ్యదు కాబట్టే పిల్లలకి పనికొస్తుందమ్మా," అన్నారు. "ఎవరికీ వినపడదులే అని మొదలుపెడతారు. చేతిలో మైకుంది కదా అని మధ్యలో ఆపరు."

సాయంత్రం నేను బస్సు కోసం నిలబడి ఉంటే ఆ జిప్పు సంచీ తెచ్చి నా చేతిలో పెట్టారు. అట్టలు, శుభలేఖలు, మేజోళ్ల బొమ్మలు, మైకు అన్నీ అందులోనే. మరి మీ పిల్లలకో అంటే, కొన్నాళ్లు ఓపిక పడతారు లెండి, వాళ్లకి అలవాటైపోయింది, వంకాయ చేతికిచ్చినా మైకనుకుంటారు, అన్నారు.

మర్నాడు మా తొమ్మిదో తరగతిలో సంచీ విప్పాను. మొదటి పీరియడు ఏమంత బాగా జరగలేదు. మైకు చేతికి రాగానే మగపిల్లలు హలో హలో మైక్ టెస్టింగ్ అని ఊదారు. ఆడపిల్లలు మై నేమ్ ఈజ్ అని పేరు చెప్పేసి, కాలుతున్న గిన్నెలా పక్కవాళ్లకి అందించేశారు. మేజోడు బొమ్మ ఒకటి కిటికీలోంచి బయటపడింది. గోల విని మా హెడ్మాస్టారు వచ్చారు. ఆయన లెక్కల మనిషి, నెమ్మదస్తుడు. గుమ్మంలో నిలబడి మైకు వంక, నా వంక చూసి, పక్క గదిలో స్లిప్ టెస్టు జరుగుతోంది మేడం, కాస్త చూసుకోండి, అని వెళ్లిపోయారు. నాకు సంచీ జిప్పు వేసేసి పాఠ్యపుస్తకం తెరవాలనిపించింది.

అప్పుడు చివరి బెంచీ గుర్తొచ్చింది. మైకు తీసుకుని నేనే అక్కడికి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. పాఠం గురించి అడగనమ్మా, మీ ఇంటి గురించే అడుగుతాను, అని ఇంట్లో ఎవరెవరుంటారో ఇంగ్లీషులో అడిగాను. పిల్ల చాలాసేపు మైకు వంకే చూసింది. తర్వాత ఫాదర్, మదర్, గ్రాండ్ మదర్ అంది. కాస్త ఆగి, "అండ్ డక్స్," అంది.

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. అది చూశాక నాకు ధైర్యం వచ్చి, మైకు ముందు బెంచీ అబ్బాయికిచ్చి నువ్వు అడగరా అన్నాను. వాడికి బాతుల గురించి నిజంగానే తెలుసుకోవాలనుంది. వాట్ డు డక్స్ ఈట్ అన్నాడు. తప్పు లేకుండా వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ పిల్ల రైస్ అంది, ఫిష్ అంది, ఆగి నా చెవి దగ్గరికి వచ్చి, నత్తల్ని ఏమంటారండీ అని అడిగింది. చెప్పాను. "స్నెయిల్స్," అంది మైకులో, గట్టిగా. "దే లైక్ స్నెయిల్స్ వెరీ మచ్."

అక్కణ్ణుంచి ప్రశ్నలు ఆగలేదు. బాతులు ఎక్కడ పడుకుంటాయి. నక్క వస్తే ఏం చేస్తాయి. నీకు ఏ బాతు ఇష్టం. అన్నీ ఒకేలా ఉంటే ఎలా గుర్తుపడతావు. మాటలు రాకపోతే చేతులు వాడింది, బోర్డు దగ్గరికి వెళ్లి బొమ్మ గీసింది, నన్ను అడిగింది, మళ్లీ మైకు అందుకుంది. సాయంత్రం వాటిని ఎలా పిలుస్తావని ఎవరో అడిగారు. ఆ పిల్ల మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, నాలుకతో అంగిట్లో కొడుతూ వాళ్ల నాన్న పిలిచే పిలుపు పిలిచింది. గదంతా ఆ పిలుపు అందుకుంది. పక్క గదిలో స్లిప్ టెస్టు రాస్తున్న పిల్లలు కూడా అందుకున్నారని తర్వాత తెలిసింది. హెడ్మాస్టారు మళ్లీ వచ్చారు. ఈసారి గుమ్మంలో ఆగకుండా లోపలికి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, గంట కొట్టేదాకా లేవలేదు. వెళ్తూ, బాతుకి బహువచనం చెప్పినట్టే గూస్‌కీ చెప్పండి మేడం, నాకెప్పుడూ అనుమానమే, అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి ఆ కథంతా చెప్పాను. రైల్లో చెమటలు పట్టే సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆయన నవ్వలేదు, పెరుగు వడ్డించుకుంటూ, అయితే మీ పిల్లలతోపాటు నువ్వూ నేర్చుకో, అన్నారు. అలాగే చేశాను. క్లాసులో తెలుగు అర్థాలు చెప్పడం పూర్తిగా మానలేదు గానీ, మాట్లాడటం ఎక్కువ చేశాను. తప్పు పోతే పోయిందని పిల్లల ముందే సర్దుకునేదాన్ని. వాళ్లకి అది నచ్చింది. మేడంకి కూడా తప్పులొస్తాయని ఇంటి దగ్గర గొప్పగా చెప్పుకున్నారట.

సంచీ తిరిగి ఇచ్చేటప్పటికి బరువెక్కింది. మా పిల్లలు అందులో బాతుగుడ్లు రవాణా చేసే అట్టపెట్టె మూతలు, కొబ్బరినూనె సీసా లేబుళ్లు, ఎరువు బస్తా మీది రాతలు కత్తిరించి పెట్టారు. ఇంకో ఇద్దరు టీచర్లు తమకీ కావాలన్నారు. నలుగురం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. సంచీ ఎవరి దగ్గరుందో, దాంతో ఏం చేశారో, ఏది బాగా నడిచిందో, ఏది నడవలేదో అందులో రాసుకునేవాళ్లం. నడవనివి కూడా రాయాలని సంచీ ఇచ్చిన పెద్ద మేడం గారి పట్టుదల. నా క్లాసులో ఈరోజు ఎవరూ నోరు విప్పలేదు అని ఆవిడే ముందు రాసేవారు. అది చదివితే మాకు ఎంత ఊరటగా ఉండేదో చెప్పలేను.

సంచీని బస్సులో కండక్టరుకి అప్పగిస్తే తర్వాతి ఊళ్లో ఎవరో ఒకరు దించుకునేవాళ్లం. ఒకసారి కండక్టరు మారాడు. దించాల్సిన చోట ఎవరూ దించుకోలేదు. సంచీ డిపోకి వెళ్లిపోయింది. అక్కడ ఎవరిదో తెలీక తెరిచి చూశారట. ఖాళీ మందుల పెట్టెలు, ఎవరెవరివో శుభలేఖలు, కళ్లున్న మేజోళ్లు, వైరు లేని మైకు. శుభలేఖల మీది నంబర్లకి ఫోన్లు చేస్తే, పెళ్లయి పిల్లలున్న వాళ్లు కంగారుపడ్డారట. చివరికి ఒక అట్ట మీద మా బడి ముద్ర కనపడి నాకు ఫోను వచ్చింది.

వెళ్లేసరికి డిపో కంట్రోలరు గారి బల్ల మీద సంచీలోవన్నీ వరసగా పరిచి ఉన్నాయి. ఇదంతా ఏంటండి మేడం, అని అడిగారు. పాఠం అండి, అన్నాను. నమ్మలేదు. ఎలా చెప్తారో చూపించమన్నారు. మైకు చేతికిచ్చి, ఈ డిపోలో మీకు బాగా ఇష్టమైన బస్సు ఏది, ఎందుకు, అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన సర్దుకుని కూర్చుని, తను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజమండ్రి మీదుగా వెళ్లిన బస్సు గురించి మొదలుపెట్టారు. గోదావరి బ్రిడ్జి దగ్గర తెల్లారేదట. చుట్టూ డ్రైవర్లూ కండక్టర్లూ చేరారు. మైకు తర్వాత నాకంటే నాకన్నారు. బయటపడేసరికి టీ ఇచ్చారు, పాత టైంటేబుల్ బోర్డులు, ఊళ్ల పేర్ల రేకులు సంచీలో కుక్కి పంపారు. బస్సులో కూర్చున్నాక తట్టింది, అంతసేపూ పెద్దమనుషులతో ఇంగ్లీషులో మాట్లాడాను, చేతులకి చెమట పట్టలేదని.

ఆ తర్వాతి ఏడాది పెద్ద మేడం గారు రిటైరయ్యారు. సన్మాన సభలో ఉపన్యాసాలు వద్దని, మా పిల్లలు, వాళ్ల పిల్లలు కలిసి తనని ఇంటర్వ్యూ చెయ్యాలని ఆవిడే అడిగారు. పదో తరగతికి వచ్చిన మా బాతుల పిల్లని వెంటబెట్టుకుని, మరికొంతమందితో కలిసి వెళ్లాను. షామియానా కింద ఊళ్లోవాళ్లు, పాత విద్యార్థులు, పాస్టరు గారు, అందరూ ఉన్నారు. ఈసారి మైకు పనిచేసేదే. మా పిల్ల తెల్లచొక్కా కాలరు సర్దుకుని స్టేజీ మీద ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చుంది. మొదట అనుకున్న ప్రశ్నలే అడిగింది. చిన్నప్పుడు ఎక్కడ చదివారు, మొదటి ఉద్యోగం ఎక్కడ. తర్వాత చేతిలో కాగితం మడిచేసి, మేం అనుకోని ప్రశ్న వేసింది.

"మేడం, వర్ యు ఎవర్ అఫ్రెయిడ్ ఆఫ్ ఇంగ్లీష్?"

ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

"ఎవ్రీ డే, మై డియర్. ఈవెన్ టుడే," అన్నారు. తర్వాత అందరి వైపూ తిరిగి తెలుగులో, "పొద్దున్న అద్దం ముందు నిలబడి రెండు వాక్యాలు చదువుకుని వచ్చాను. అవి కూడా ఇప్పుడు గుర్తు లేవు," అన్నారు.

జనం నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నేను ఒక్కదాన్నే అనుకుని ఏళ్లపాటు దాచుకున్న మాటని ఆవిడ మైకులో, ఊరందరి ముందు, చిరునవ్వుతో చెప్పేశారు. నా వరసలో కూర్చున్న మిగతా ఇంగ్లీషు టీచర్లు కూడా ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటున్నారు. వాళ్ల ముఖాలు చూస్తే తెలిసింది, అందరం ఒకే గూటి పక్షులమేనని.

మా పిల్ల వదల్లేదు. "దెన్ వై డిడ్ యు స్పీక్?" అంది.

"బికాజ్ ఐ లైక్ టాకింగ్," అన్నారు ఆవిడ.

"మీ టూ, మేడం," అంది మా పిల్ల. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. పందిట్లో వెనక నిలబడ్డ వాళ్ల నాన్న, ఏమన్నారో అర్థం కాక పక్కాయన్ని అడిగి, తెలిశాక మా పిల్లకి మాటలెక్కువేనండి అని సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. కాలేజీకి ఎవరైనా అతిథులు వస్తే వేదిక మీదికి ఆహ్వానించేది ఈ అమ్మాయేనట. సంచీ ఒకటి కాస్తా మూడయ్యాయి. కొత్తగా చేరిన టీచర్లు కూడా గ్రూపులో ఉన్నారు, వాళ్లు నడవని పాఠాల గురించి రాస్తే పాతవాళ్లం పోటీపడి మా నడవని పాఠాలు రాస్తాం.

పెద్ద మేడం గారు రాజమండ్రిలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఈ మధ్య ఒక మంగళవారం చెప్పకుండా మా బడికి వచ్చారు. ఆరో తరగతి పిల్లలు ఆవిణ్ణి కొట్టు యజమానిని చేసి, అరగంట సేపు బేరమాడి అలిసిపోయేలా చేశారు. భోజనం గంట కొట్టాక వాళ్లతోపాటే వరండాలో పీట వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు పులిహోర, గుడ్డు. పిల్లలు కంచాల్లో ఉన్నవన్నీ ఆవిడకి ఇంగ్లీషులో చూపించారు. ఎగ్ అన్నారు, ప్లేట్ అన్నారు, కరివేపాకుని కర్రీ లీఫ్ అన్నారు, మిరపకాయ దగ్గర కాస్త తడబడి చిల్లీ అన్నారు. పులిహోర దగ్గరికి వచ్చేసరికి గొడవ మొదలైంది. ఒకడు ఎల్లో రైస్ అన్నాడు. ఒక పాప టామరిండ్ రైస్ అంది. ఇంకొకడు సౌర్ రైస్ అంటే అందరూ ముఖాలు చిట్లించారు. నా వైపు చూశారు. నేను పెద్ద మేడం గారి వైపు చూశాను.

ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, "పులిహోర," అన్నారు. "ఇంగ్లీషువాళ్లని నేర్చుకోమనండి."

పిల్లలకి ఆ తీర్పు బాగా నచ్చింది. ఇంకాస్త పెట్టమని కంచాలు పట్టుకుని లేచారు.